తీరిక బస్సు, ఆదివారపు రొట్టె

బేకరీ,
మధ్యాహ్నం, షట్టరు దించాక

చిట్టెలుకకి,

మీ మేనత్త రాస్తున్నది. ఫోనెందుకు చెయ్యలేదని అడగకు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? నేను మొదలుపెట్టిన ప్రతి మాటా నువ్వే పూర్తిచేస్తావు. అదే కాగితమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవాల్సిందే కదా.

విషయం ఏమిటంటే, ఈ వానలు తగ్గుముఖం పట్టగానే పొయ్యి ఆర్పేస్తున్నాను. అవునే, ఇదే పొయ్యి. మా మామగారు ఇటుక ఇటుకా పేర్చి కట్టిన పొయ్యి, మీ మామయ్య చనిపోయిన వారం తప్ప ఏనాడూ చల్లారని పొయ్యి. ఎందుకూ అంటే, తినేవాళ్ళు లేరు. పెంకుల ఫ్యాక్టరీ మూసేశాక సగం ఊరు మూటాముల్లె సర్దుకుని మీ నగరానికే వచ్చింది. మిగిలిన సగానికి పళ్ళు లేవు. మన మందుల షాపాయన ఒక్క బన్ను కొని రెండు రోజులు తింటాడు. తెల్లవారుజామున లేచి పిండి పిసికి, రొట్టెలు కాల్చి, సాయంత్రానికి మిగిలినవన్నీ వీధి కుక్కలకు వేస్తున్నాను. ఈ ఊరి కుక్కలు ఎంత బలిసిపోయాయో నువ్వొచ్చి చూడాలి.

మీ నగరం అంచున రొట్టెల ఫ్యాక్టరీ ఉందట. మిషను కోసిన ముక్కల్ని సంచుల్లో పెట్టి మూతి కట్టే పని ఇస్తామన్నారు. నెత్తికి టోపీ, చేతులకు తొడుగులు. పిండిని ముట్టుకునే పని లేదు. ముప్పై ఏళ్ళు ముట్టుకున్నాను, చాలు.

కాబట్టి నాకో గది చూడు. చిన్నదైనా ఫరవాలేదు, కిటికీ ఉండాలి, మెట్లు తక్కువుండాలి. ఉత్తరం చదివి ఏడుస్తూ కూర్చోకు. నాకే రాని ఏడుపు నీకెందుకు?

నీ అత్త

*

నగరం, బస్సుల కంపెనీ,
టికెట్ కౌంటరు వెనక స్టూలు మీద నుంచి

మొండి అత్తకి,

ఏడవలేదు. కోపమొచ్చింది. కౌంటరు దగ్గర నిలబడ్డాయనకి తప్పు టికెట్ కొట్టిచ్చి ఆయన చేత తిట్లు కూడా తిన్నాను. అవి నీ ఖాతాలో రాసుకో.

గది చూడను. మెట్లున్నదీ చూడను, మెట్లు లేనిదీ చూడను. నువ్వు టోపీ పెట్టుకుని సంచుల మూతి కట్టడమేమిటి? మొదటి రోజే ఆ మిషనుతో దెబ్బలాటకి దిగి బయటికొస్తావు. నిన్ను నాకు తెలియదా?

ఇప్పుడు నా మాట విను. ఇది కాగితం, మధ్యలో అందుకోలేవు. ప్రతి శనివారం ఈ కౌంటరు దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి అడుగుతుంటారు: "అమ్మాయీ, రేపు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేలా ఎక్కడికైనా టికెట్ ఇవ్వు. జనం లేని చోటైతే చాలు." కోటలూ వద్దు, జలపాతాలూ వద్దు. ఊరికే కూర్చునే చోటు కావాలి వాళ్ళకి. మా షెడ్డులో ఆదివారం పూట ఒక బస్సు ఖాళీగా పడుంటుంది. మా యజమాని చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి దాన్ని అడిగి తీసుకున్నాను. ముందు గోళ్ళు గిల్లుకున్నాడు, తర్వాత సీలింగు చూశాడు, చివరికి నా గోల పడలేక "సరే చావు" అన్నాడు. బోర్డు నేనే రాశాను: తీరిక ప్రయాణం. మూడు చిన్న ఊళ్ళు. చూడవలసినవి ఏమీ లేవు.

నమ్ముతావో లేదో, సీట్లు నిండిపోయాయి. మొదట వంతెన ఊరు, తర్వాత రైలు రాని స్టేషనున్న ఆ మధ్య ఊరు, చివర మన ఊరు. భోజనం వేళకి నీ దగ్గరికి వస్తాం. ఇంతమందీ నీ రొట్టెలు కొంటారు. పొయ్యి ఆరదు. బస్సు నడిపేది మన డ్రైవర్ బాబాయ్. వెనక కోడిగుడ్ల బుట్టలున్నట్టు నడుపుతాడు, రోజుకి నాలుగు మాటలకు మించి మాట్లాడడు. మాకు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే.

నువ్వు మొండిదానివైతే నేను నీ మేనకోడల్ని. వచ్చే ఆదివారం వస్తున్నాం.

చిట్టెలుక

*

బేకరీ,
పిండి పొంగేలోపు దొరికిన కాస్త సమయంలో

చిట్టెలుకకి,

నీకేమైనా మతి పోయిందా? ఇక్కడ ఏముందని వస్తారు? ముళ్ళు లేని గడియారమున్న చౌరస్తా, నాలుగు బెంచీలు, ఒక పోస్టాఫీసు. మధ్యాహ్నమైతే ఊరంతా మూకుమ్మడిగా పడుకుంటుంది. నేనైతే తెల్లవారుజామున లేస్తాను గనక పడుకుంటాను, వీళ్ళు ఎందుకు పడుకుంటారో ఇప్పటిదాకా నాకు అర్థం కాలేదు. డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని ఇది చూడటానికొచ్చేవాళ్ళని చూడాలని నాకే ఉంది.

ఒక పొరపాటు జరిగిపోయింది. మందుల షాపాయనకి బన్ను కట్టిస్తూ, నగరం నుంచి బస్సు వస్తోందని నోరు జారాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. సాయంత్రానికల్లా ఊరంతా మేలుకుంది. ఎవరో బెంచీలకు రంగు తెస్తున్నారు. పంతులమ్మగారు స్వాగతం పాట కడుతున్నారు. నేను వద్దని మొత్తుకున్నా వినేదెవరు? "మన ఊరిని చూడటానికి మనుషులు రావడం ఈ జన్మలో ఇదే మొదటిసారి, నువ్వు అడ్డుపడకు" అని నన్నే కసిరారు.

సరే, వచ్చేవాళ్ళు ఆకలితో పోయారన్న మాట నాకొద్దు. ఆ ఒక్క ఆదివారం మామూలుకి మూడింతలు కాలుస్తాను. అది మర్యాద కోసం. దాంతో నా మనసు మారిందనుకోకు. గది సంగతి మర్చిపోకు.

నీ అత్త

*

నగరం, నా గదిలో మంచం మీద నుంచి,
కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్టులో పెట్టుకుని

అత్తా,

నా తల ప్రాణం తోకకొచ్చింది. నిన్న ఆ గోలలో నీతో ఒక్క మాటైనా సరిగ్గా మాట్లాడలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

వంతెన ఊళ్ళో అంతా ఎంత బాగా జరిగిందో! అందరూ వంతెన గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. ఒక బ్యాంకు ఆఫీసరు బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, బస్సెక్కమని పిలిచేదాకా నోరు విప్పలేదు. మధ్య ఊళ్ళో స్టేషను బెంచీల మీద టీ తాగారు. ఇద్దరు కునుకు కూడా తీశారు. నేను లోలోపల పొంగిపోతున్నాను.

ఆ తర్వాత మన ఊరి మలుపు తిరిగాం. మైకు! అమ్మ బాబోయ్, ఆ మైకు! ప్రశాంతత కోసం వచ్చినవాళ్ళ చెవుల్లో పంతులమ్మగారి స్వాగత గీతం. భయపడి బెంచీల మీద కూలబడితే రంగు ఆరలేదు, సగం మంది వెనకవైపు పచ్చబడిపోయారు. మందుల షాపాయన ఊరి చరిత్ర మొదలుపెట్టి, అది అయిపోగానే అందరికీ ఉచితంగా బీపీ చూశాడు. మా బస్సులో వచ్చిన ఒక టైపిస్టు ఆవిడకి ఎక్కువగా ఉందని చెబితే ఆవిడ బెంబేలెత్తిపోయింది. మైకు పక్కన కూర్చోబెట్టి చూస్తే ఎక్కువగా ఉండదూ?

అన్నిటికంటే ఘోరం, ప్రతి ఇంటివాళ్ళూ మావాళ్ళని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కడుపు పగిలేలా పెట్టారు. నీ కొట్టుకి వచ్చేసరికి ఒక్కరికీ బన్ను ముక్క పట్టే చోటు లేదు. నీ ట్రేలన్నీ నిండుగా అలాగే ఉండిపోయాయి. నువ్వు గోడవైపు తిరిగి చెక్క తెడ్డు తుడుస్తూ నిలబడ్డావు చూడు, నాకు ప్రాణం ఉసూరుమంది. అందుకే అడగకుండా ట్రేలన్నీ బస్సెక్కించేశాను. నువ్వు "కుక్కలకు పడేయ్" అన్నావు. నేను విననట్టు నటించాను.

ఇప్పుడు అసలు కథ విను. తిరుగుదారిలో మధ్య ఊళ్ళో డ్రైవర్ బాబాయ్ ఇంజనుకి నీళ్ళు పొయ్యడానికి ఆపాడు. పక్కింటి అరుగు మీద కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. "రొట్టె వాసనొస్తోందేంటమ్మా?" అంది. వాళ్ళ ఊళ్ళో బేకరీ మూతబడి చాలా ఏళ్ళయిందట. వారానికోసారి నగరం నుంచి వచ్చే సంచుల రొట్టే గతి. ఆవిడ ఒకటి కొంది. కొని, వీధి చివరికి వినబడేలా చెల్లెల్ని కేకేసింది. బాబాయ్ బానెట్ మూసేలోపు ట్రేలు ఖాళీ. ఒకే ఒక్క బన్ను మిగిలితే అది ఆయనే తినేశాడు.

అత్తా, తినేవాళ్ళు లేరన్నావు. ఉన్నారే, ఒక ఊరు అవతల ఉన్నారు. వచ్చే ఆదివారానికీ అన్నే కాల్చు.

చిట్టెలుక

*

బేకరీ,
కాళ్ళు చాపుకుని, గోడకానుకుని

చిట్టెలుకకి,

నిన్నటి రెండో ఆదివారం సంగతి నేనే రాస్తాను. నువ్వైతే నవ్వుతూ రాస్తావు, ఊరి పరువు పోతుంది.

మొదటిసారి జరిగినదానికి మావాళ్ళు చాలా నొచ్చుకున్నారు. మందుల షాపాయన అందర్నీ పోగేసి, "వాళ్ళకి కావలసింది నిద్రట. అయితే నిద్రే చూపిద్దాం" అన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. నాకేం పట్టిందిలే అని ఊరుకున్నాను.

నీ బస్సు వచ్చే వేళకి ఊరంతా బెంచీల మీదా అరుగుల మీదా వాలిపోయింది. పోస్టాఫీసు కిటికీలోంచి గురక, అదీ తాళం తప్పకుండా. మందుల షాపాయన తన కౌంటరు మీదే వెల్లకిలా పడుకుని, మొహమ్మీద రుమాలు వేసుకుని, చూస్తున్నారో లేదో అని దాని అంచెత్తి చూశాడట. మీవాళ్ళు పాపం మునివేళ్ళ మీద నడుస్తూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నా కిటికీ దాకా వచ్చారు. టైపిస్టావిడ తలుపు బాదింది. "ఏవండీ! ఈ ఊళ్ళో ఏదైనా జబ్బు తిరుగుతోందా?" అని ఏడుపు గొంతుతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీ తీసి అరిచాను: "ఈ ఊరు మొత్తం మీద నిజంగా నిద్రపోతున్నది నేనొక్కదాన్నే! నన్నే లేపాలా?"

ముందు పోస్టాఫీసులో గురక ఆగింది. తర్వాత అక్కడే కిసుక్కుమంది. ఆ తర్వాత పడుకున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ అంతా కలిసి నవ్వడమే. టైపిస్టావిడ నవ్వి నవ్వి నా గుమ్మం మీదే చతికిలబడింది. అప్పటినుంచి అంతా మామూలైపోయింది. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు, మీవాళ్ళు ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నారు. ఆ ఆఫీసరు మళ్ళీ బూట్లు విప్పాడు. కొట్టు ముందర పెట్టుకుని మర్చిపోయి వట్టి కాళ్ళతో బస్సెక్కబోయాడు కూడా.

వాళ్ళు కొన్నవి కొన్నారు, మిగతా ట్రేలు నువ్వు పట్టుకుపోయావు. ఆ మధ్య ఊరి కథ నాకు పూర్తిగా మింగుడుపడటం లేదు. అయినా పారేసేకంటే నయం కదా అని ఇచ్చాను. వానలు ఇంకా ఉన్నాయి, పొయ్యీ ఉంది. తర్వాత సంగతి నేను ముందు చెప్పిందే.

నీ అత్త

*

నగరం,
టికెట్ కౌంటరు, జనం పలచబడ్డాక

బంగారు అత్తకి,

ఇన్ని ఆదివారాల తర్వాత కూడా నువ్వు గది గురించే అడుగుతుంటే నేనేం చెయ్యను? అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను, చదివి కళ్ళు తెరువు.

మధ్య ఊరివాళ్ళు నిన్ను ఆకాశానికెత్తేస్తున్నారు. బస్సు కనబడగానే అరుగులు ఖాళీ అయిపోతాయి. "మీ రొట్టె దూదిలా ఉందమ్మా" అంటుంది మొదటి రోజు కొన్నావిడ. "ఇంత మంచి రొట్టె పుట్టి బుద్ధెరిగాక తినలేదు" అంటుంది ఆవిడ చెల్లెలు. ఒక పెద్దాయనైతే నోట్లో పెట్టుకోగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అందరూ నీ చేతిని పొగిడేవాళ్ళే. "ఆ చేతులకి గాజులు చేయించాలి" అని కూడా అన్నారెవరో.

ట్రేలు ఇంకొన్ని పెంచు. వంతెన ఊరివాళ్ళు కూడా అడుగుతున్నారు. దయచేసి ఆ ఫ్యాక్టరీవాళ్ళకి ఏ మాటా ఇవ్వకు.

నీ చిట్టెలుక

*

బేకరీ,
శుక్రవారం

మేనకోడలికి,

నేను పెద్దగా చదువుకోలేదు గానీ మూర్ఖురాలిని కాను.

ముప్పై ఏళ్ళుగా ఈ కౌంటరు వెనక నిలబడ్డాను. రొట్టె కొన్న మనిషి ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు. ఉప్పు తగ్గిందంటాడు, నిన్నటిదేమో అని నొక్కి చూస్తాడు, పక్కవాడికి పెద్దది ఇచ్చావంటాడు. బాగుంటే ఏమీ అనడు, మర్నాడు మళ్ళీ వస్తాడు. అంతే. రొట్టె నోట్లో పెట్టుకుని ఏడ్చినవాణ్ణి నేను ఈ జన్మలో చూడలేదు. చేతులకి గాజులా? నా చేతులు నువ్వు చూడలేదా, మోచేతిదాకా కాలిన మచ్చలే. ఒక ఊరు ఊరంతా, ఇన్ని వారాలుగా, ఒక్కరంటే ఒక్కరు కూడా వంక పెట్టకుండా నా రొట్టె తింటున్నారా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నావు?

జరుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. నువ్వూ మీ బాబాయీ కలిసి ఆ ట్రేలు ఊరికే పంచిపెడుతున్నారు. లేదా వంతెన మీద నుంచి ఏట్లో పారేస్తున్నారు. పారేసి, రొట్టెల డబ్బని చెప్పి నీ జీతంలోంచి నాకు పంపిస్తున్నావు. నా మీద ప్రేమతోనే చేస్తున్నావు, కాదనను. కానీ ఎవరూ తినని రొట్టె కోసం నన్ను తెల్లవారుజామున లేపుతున్నావు చూడు, అది నాకు అవమానంగా ఉంది. కుక్కలకు వేసినప్పుడు కనీసం అవి తింటున్నాయని నా కళ్ళతో చూసేదాన్ని.

ఫ్యాక్టరీవాళ్ళకి వచ్చే నెల మొదట్లో వస్తానని మాటిచ్చేశాను. ఈ వచ్చే ఆదివారం కాల్చేవే ఆఖరివి. గది నేనే చూసుకుంటాను.

అత్త

*

నగరం,
ఉత్తరం అందిన రోజే

అత్తా,

నేను అబద్ధం ఆడానంటావా? నాకు ఎంత మండిందంటే రెండు కాగితాలు రాసి చించేశాను. ఇది మూడోది.

జాలిపడి నేను నీకేమీ పంపలేదు. నా జీతం నా గది అద్దెకే బొటాబొటీ, నీ మీద జాలిపడే స్థోమత నాకెక్కడిది?

నువ్వు ఎవరి మాటా నమ్మవు కాబట్టి నీ కళ్ళతోనే చూడు. ఈ ఆదివారం నేను బస్సులో రాను. కౌంటర్లోనే కూర్చుంటాను. వస్తే, నేనే వాళ్ళకి నేర్పించి పలికించానంటావు. బాబాయ్ ఒక్కడే వస్తాడు. ఆయనకి నిజం చెప్పడానికే మాటలు చాలవు, ఇంక అబద్ధాలు కూడానా? ముందు సీటు నీకోసం ఆపి ఉంచమన్నాను. మధ్య ఊళ్ళో దిగు. నువ్వెవరో ఎవరికీ తెలియదు, పెళ్ళయిన దగ్గర నుంచి పొయ్యి వదిలి కదిలితేగా! నిలబడి చూడు. అక్కడ ఎవరూ లేకపోతే, నేను చెప్పింది అబద్ధమైతే, నేనే వచ్చి నీ పెట్టె మోసి ఫ్యాక్టరీ గేటు దాకా దించుతాను. ఆ తర్వాత పొయ్యి మాట ఎత్తను.

నేను అబద్ధం ఆడలేదు. కొంచెం తీపి కలిపానంతే. అది నీ దగ్గర నేర్చుకున్నదే కదా.

మేనకోడలు

*

బేకరీ,
సోమవారం, పొయ్యి ముందర పీట వేసుకుని

చిట్టెలుకకి,

నీ ముందు సీట్లో నేను కూర్చోలేదు. అందులో కూర్చుంటే నువ్వు చూపించినదే చూసినట్టవుతుంది. అందుకే రొట్టెలన్నీ కాల్చి, నిప్పుల మీద బూడిద కప్పి, ట్రేలు బస్సెక్కించే పని మందుల షాపాయనకి అప్పగించి, పొద్దున్నే పాల వ్యానెక్కి మధ్య ఊరికి వెళ్ళిపోయాను. ఎక్కడికని షాపాయన వందసార్లు అడిగాడు. పళ్ళ డాక్టరు దగ్గరికన్నాను.

దిగాక చూస్తే సాయంత్రం బస్సు దాకా రోజంతా నాదే. ఏం చెయ్యాలో తోచలేదు. ఆ స్టేషను దాకా నడిచాను. పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు మొలిచింది. బెంచీ మీద కూర్చున్నాను. వానకి ముందర వచ్చే గాలి చల్లగా తగిలింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటే, పిండి అంటని చేతులు ఎవరివో అనిపించాయి. ఎప్పుడు ఒరిగిపోయానో తెలియదు. లేచేసరికి పొద్దుటి నీ బస్సు వచ్చి మన ఊరికి వెళ్ళిపోయినట్టుంది, ఎవరో నా తల కింద మడతపెట్టిన సంచి పెట్టి వెళ్ళారు. నీ బస్సు జనం ఇందుకేనా టికెట్లు కొంటున్నది అనుకున్నాను. ఒప్పుకుంటున్నాను, బాగానే ఉంది.

సాయంత్రం అరుగుల వీధికి వచ్చాను. బస్సు జాడ లేదు గానీ వరస అప్పటికే ఉంది. నిజంగానే ఉందే. చేతుల్లో సంచులూ గిన్నెలూ పట్టుకుని, ఎవరి ముందు ఎవరని వాదులాడుకుంటున్నారు. అయినా నమ్మలేదు. ఊరికే ఇస్తే వరస కట్టనివాళ్ళెవరు అనుకుని చివర నిలబడ్డాను.

బస్సు వచ్చింది. మీ బాబాయ్ ట్రేలు మెట్టు మీద దించి, పక్కన డబ్బా పెట్టాడు. ప్రతివాళ్ళూ డబ్బులేసి మరీ తీసుకుంటున్నారు. నన్ను చూశాడు. కనుబొమ్మ కూడా కదపలేదు. అంత గట్టి మనిషి నీకెక్కడ దొరికాడే?

నా ముందర ఒక గొడుగాయన ఉన్నాడు. వాన లేకపోయినా గొడుగు తెరుచుకుని నిలబడే రకం. రొట్టె తీసుకుని బోర్లించి, అడుగున వేలితో టకటకా కొట్టి చూశాడు. "మళ్ళీ మాడింది" అన్నాడు.

నేను కొంగు దోపాను.

"గీకేసుకుని తినండి. ఆ సంచుల రొట్టెకంటే నయమేగా" అంది అరుగు మీదావిడ.

"నయమని మాడింది తింటామా? మూడు వారాలుగా ఆ అమ్మాయితో చెబుతూనే ఉన్నాను. ట్రేలో ఎడమ వైపు వరసంతా అడుగు బొగ్గవుతోంది, చెప్పు తల్లీ అని. ఆ పిల్ల నవ్వుతుంది, తలూపుతుంది, వెళ్ళిపోతుంది. రొట్టె మంచిదే, చేసేవాళ్ళకే ఈమధ్య మనసు లేనట్టుంది."

చిట్టెలుకా, దెబ్బలాడదామని కొంగు దోపినదాన్ని అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. పొయ్యిలో ఎడమ మూల ఒక ఇటుక కుంగింది. మంట అక్కడ నేరుగా తగులుతోంది. చూశాను, చూసి వదిలేశాను. ఆరిపోయే పొయ్యికి కొత్త ఇటుకెందుకులే అనుకున్నాను. మా ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు, నా మొహం చూసి ఊరుకున్నారు కాబోలు. నువ్వూ అనలేదు. ఈయన మూడు వారాలుగా చెప్పి పంపుతుంటే, పొగడ్తలు మాత్రం నా దాకా మోసుకొచ్చి తిట్లన్నీ దారిలో పారేశావా? ఆ ఒక్క మాట రాసి ఉంటే నీ మిగతా ఉత్తరమంతా నమ్మేదాన్ని కదే పిచ్చిదానా! వంక పెట్టేవాడు ఉన్నాడంటే తినేవాడు ఉన్నట్టే కదా!

"ఆ రొట్టెలు చేసేది నేనే" అన్నాను.

వరసంతా వెనక్కి తిరిగింది. అరుగు మీదావిడ నాలుక కరుచుకుంది. గొడుగాయన మాత్రం తడబడలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మంచిదైంది. ఇన్నాళ్ళూ నా మాట మీ దాకా చేరడం లేదనుకున్నాను" అన్నాడు. "వచ్చే ఆదివారం మా తమ్ముడు పిల్లలతో వస్తున్నాడు. నాకు రెండు కావాలి. మాడకూడదు."

"సరే" అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. రాత్రి ఖాళీ పాలక్యాన్ల మధ్య కూర్చుని ఇంటికి వస్తుంటే ఏడుపొచ్చింది. ఆ క్యాన్ల చప్పుడులో ఎవరికి వినబడుతుంది, హాయిగా ఏడ్చాను.

ఈ పొద్దున ఫ్యాక్టరీవాళ్ళకి రావడం లేదని చెప్పేశాను. ఇచ్చిన మాట తప్పుతున్నావేమిటని నిష్ఠూరమాడారు. ఇంకొకరికి అంతకంటే గట్టి మాటిచ్చానని చెప్పాను. మేస్త్రీ వచ్చాడు. ఇప్పుడు పొయ్యిలోకి నడుం దాకా దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి. అడ్డమైన ఇటుకా పెట్టబోతే తీయించి మళ్ళీ పెట్టిస్తున్నాను. విసుక్కుంటున్నాడు, విసుక్కోనీ.

వచ్చే ఆదివారం బస్సులో నువ్వే రా. గొడుగాయన రొట్టె బోర్లించి కొట్టి చూసేటప్పుడు పక్కనే ఉండి, ఏమన్నాడో ఒక్క ముక్క తీపి కలపకుండా నాకు రాయి.

నీ అత్త